నీళ్ళ ఒడ్డున నాలుగు రోజులు

మా జహీరాబాదులో నీళ్ళ ఒడ్డున కూర్చోవడమంటే, వానాకాలంలో నారింజ వాగు పారినన్నాళ్ళు కూర్చోవడమే. తక్కిన కాలమంతా ఎర్రమట్టి, చెరుకు, అల్లం మళ్ళు, బొంబాయి రోడ్డుమీద లారీలు. అటువంటి ఊరివాళ్ళం మేము. సముద్రంలాంటి సరస్సు ఒడ్డున ఒక కోటలో నాలుగు రోజులు విశ్రాంతి తీసుకొని వచ్చామంటే మా వీధిలో సగంమంది ఇప్పటికీ నమ్మరు. నాకే ఒక్కొక్కప్పుడు అనుమానం వేస్తూ ఉంటుంది.

దీనికంతకూ మూలం మా ఆవిడ గుండె. కిందటి శ్రావణంలో హైదరాబాదు తీసుకుపోతే రెండు రక్తనాళాలు పూడుకుపోయాయని చెప్పి స్టెంట్లు వేశారు. ఆరు నెలలు పూర్తి విశ్రాంతి అన్నారు. ఆ మాట ఆవిడకు అర్థమైనట్టు లేదు. ఇంటికి వచ్చిన నాలుగో రోజునే పెరట్లో బట్టలు ఆరేస్తూ పట్టుబడింది. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న మావాడు ఫోనులో తల్లిమీద అరిచి, అరిచి, చివరకు, "నాయినా, ఇంట్ల ఉంటే అమ్మ ఊరుకోదు. చీపురు, గిన్నె కనబడని చోట ఉంచుతా" అన్నాడు. అన్నంత పనీ చేశాడు.

ఆ చోటు ఒడిశాలో చిలికా సరస్సు దక్షిణపు కొసన ఉన్న రంభ. సికిందరాబాదులో రైలెక్కి బరంపురంలో దిగాం. వి.వి. గిరిగారు 1894లో పుట్టిన బరంపురమే సుమా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోదే. అందువల్ల ఈనాటికీ అక్కడ బజారులో తెలుగు మాట వినిపిస్తుంది. అక్కణ్ణుంచి కారులో వెళ్ళాం.

మేమున్న హోటలు ఒకప్పటి కోట. పద్దెనిమిదో శతాబ్ది చివర గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ అనే కంపెనీ దొర కట్టించాడు. తరవాత ఖల్లికోట రాజులదయింది. ఆ దొరగారిమీద ఒక కథ ఉంది. ఉద్యోగం ఊడి లండను చేరాక, పింఛను ఇవ్వమంటే కంపెనీవారు వినలేదట. ఆయన చీపురు పట్టుకొని వాళ్ళ ఆఫీసు ముందే వీధి ఊడవడం మొదలుపెట్టాడట. డైరెక్టర్లు సిగ్గుపడి పింఛను మంజూరు చేశారట. నిజమో కాదో గాని, పింఛను కాగితాలకోసం తిరిగిన బడిపంతుల్ని నేను. నాకు ఆ దొరమీద కొంచెం గౌరవం కలిగింది.

గదిలో అడుగుపెట్టగానే మా ఆవిడ చెప్పులు గుమ్మం బయట విడిచింది. పడకమీది దుప్పటి తీసి, దులిపి, మళ్ళీ పరిచింది. కాఫీ తాగిన కప్పులు కడిగి బోర్లించింది. పనివాడు వచ్చి చూసి, తన పని మిగలలేదని తెల్లబోయాడు. "గిసొంటి గదికి రోజుకు ఎంత?" అని నన్ను అడిగింది. తెలియదన్నాను. తెలుసు. 1982లో నేను పంతులుగా చేరినప్పుడు ఏడాది పొడుగునా తెచ్చుకున్న జీతం ఆ ఒక్క రాత్రికి సరిపోదు. చెబితే ఆ రాత్రే రైలెక్కేది.

రాత్రి పదింటికి స్నానాలగదిలోంచి ధారగా నీళ్ళ చప్పుడు. వెళ్ళి చూస్తే, ఆ తెల్లటి పెద్ద తొట్టినిండా నీళ్ళు పడుతోంది.

"ఇదేంది?"

"రేపు పొద్దుగాల నీళ్లు రాకపోతే?"

కిటికీ అవతల వెన్నెట్లో చిలికా. వానాకాలంలో వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటే నీళ్ళు! అయినా నాకు నవ్వు రాలేదు. పెళ్ళయిన కొత్తలో తెల్లవారుజామున మూడింటికి లేచి, బోరింగు దగ్గర వరసలో బిందె పెట్టి, చంకన పిల్లవాడితో నిలబడిన మనిషి. నేను అప్పుడు నిద్రపోతూ ఉండేవాణ్ణి. ఆ సంగతి ఇన్నేళ్ళుగా నాకు తట్టనే లేదు.

రెండోరోజు పడవెక్కాం. పడవతనికి తెలుగు బాగానే వచ్చు. "బాబూ, ఇది సముద్రమూ కాదు, చెరువూ కాదు. అటు మహానది పాయల మంచినీళ్ళు, ఇటు సముద్రం ఉప్పునీళ్ళు, రెండూ కలిస్తేనే చేప" అన్నాడు. చాలాచోట్ల రెండు నిలువుల లోతైనా ఉండదు. చలికాలం కనుక దూరపు దేశాల బాతులు గుంపులు గుంపులుగా తేలుతున్నాయి. డాల్ఫిన్లు ఎక్కువగా సాతపడా వైపు ఉంటాయట, మాకు కనబడలేదు. సముద్రంలోకి పోయే దారి ఇసుకతో పూడుకుపోయి ఒకప్పుడు సరస్సు చచ్చిపోయేటట్టయింది. ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది, చేపలు తగ్గాయి, వలవాళ్ళు వలసపోయారు. చివరకు 2000 సంవత్సరంలో ఇసుకతిన్నెను కోసి కొత్త ముఖద్వారం తెరిచారు. చేపలు తిరిగి వచ్చాయి.

మా ఆవిడ అంతా శ్రద్ధగా విని, "అంటే దీనికి గూడ స్టెంటు ఏసిన్రన్నమాట" అంది. పడవతనికి అర్థం కాలేదు. నేను నవ్వలేక చచ్చాను. ఆపరేషనయ్యాక ఆవిడ వేసిన మొదటి హాస్యం అదే.

"మరి దీన్నిగూడ పండుకొని ఉండుమన్నరా?" అని మళ్ళీ అడిగింది.

మూడోరోజు మధ్యాహ్నం భోజనమయ్యాక నేను పత్రిక చదువుతూ కునుకు తీశాను. లేచేసరికి పక్కన ఆవిడ లేదు. వరండాలో పేము కుర్చీలో, సరస్సువైపు మొహం పెట్టి, తల ఒక పక్కకు వాల్చి ఉంది. చేతులు ఒళ్ళో తెరుచుకొని ఉన్నాయి. పిలిచాను. పలకలేదు.

నలభై ఏళ్ళ కాపురంలో పగటిపూట ఆ చేతులు ఖాళీగా ఉండగా నేను ఒక్కచోటే చూశాను, ఆస్పత్రి మంచంమీద. కాళ్ళలో సత్తువ పోయింది. దగ్గరికి పోయి చూస్తే కొంగు మెల్లగా లేస్తోంది, పడుతోంది. గాలికా, ఊపిరికా? కొంగు కొస రెండువేళ్ళతో పట్టుకున్నాను. అయినా గుండెమీద అది లేచింది. పడింది. మళ్ళీ లేచింది.

పక్క కుర్చీలో కూలబడ్డాను. గంటో గంటన్నరో తెలియదు. ఎదుట ఆ నీళ్ళను కళ్ళు తిప్పకుండా చూడడానికి జనం ఎక్కడెక్కడినుంచో వస్తారు. నేనటు ఒక్కసారి చూస్తే ఒట్టు.

కళ్ళు తెరిచి, "ఎందుకట్ల చూస్తున్నరు?" అంది.

"పిట్టలను చూస్తున్న."

"పిట్టలు అటు దిక్కు ఉన్నయి" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఆ సాయంత్రం కప్పులు కడగలేదు. మర్నాడు పొద్దున దుప్పటి దులపలేదు. ఇంటికి వెళ్ళాక ఝరాసంగం సంగమేశ్వరుడి మొక్కు తీర్చాలని మాత్రం గుర్తుచేసింది. ఆఖరి రాత్రి తొమ్మిదింటికే పడుకుంది. పది దాటింది, నీళ్ళ చప్పుడు లేదు. నాకే నిద్ర పట్టడం లేదు. అటు తిరిగాను, ఇటు తిరిగాను. చివరకు చప్పుడు కాకుండా లేచి, స్నానాలగదిలోకి వెళ్ళి, ఒక బకెట్టు నింపి పెట్టుకొని వచ్చి పడుకున్నాను.