అవ్వ సాక్ష్యాన్ని సరిచేసుకుంటున్నాం



మందిరంలో అందరి ముందు చెప్పిన ఒక సాక్ష్యాన్ని ఈ వారం సరిచేయవలసి ఉంది. చెప్పింది మన సంఘంలోని ఒక అవ్వ. చప్పట్లు కొట్టించి, దాని మీద ప్రసంగం కూడా చేసింది మేము, అంటే పాస్టరూ పాస్టరమ్మా ఇద్దరం. అవ్వ ఒప్పుకున్నాకే రాస్తున్నాం. పేరు రాయడం లేదు గానీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

2019 ఎండాకాలంలో ఒక ఆదివారం అవ్వ లేచి నిలబడింది. పదేండ్లుగా అద్దాలు లేకుండా అక్షరం చదవలేనిది, ఆ రోజు అద్దాలు తీసి పక్కన పెట్టి బైబిలు తెరిచి చదివింది. "సూదిలో దారం గూడా నేనే ఎక్కిస్తాండా. దేవుడు నాకు మళ్ళీ పడుచు కండ్లు ఇచ్చినాడు" అంది. మందిరమంతా స్తోత్రాలు. మోషేకు 120 ఏండ్లు వచ్చినా చూపు మందగించలేదని ద్వితీయోపదేశకాండము 34లో ఉంది కదా, ఆ రోజు ప్రసంగం దాని మీదికే మళ్ళించాం.

అది శుక్లం మొదలైన గుర్తు అని అప్పుడు మాకు తెలియదు.

తర్వాత ఒక కంటి డాక్టరమ్మ మాకు ఓపికగా చెప్పింది. కంటిపాప వెనుక గాజుబిళ్ళ లాంటి కటకం ఒకటి ఉంటుంది. వయసు మీద పడే కొద్దీ అది మసకబారుతుంది, అదే శుక్లం. కొందరికి కటకం నడిమి భాగం ముందుగా గట్టిపడుతుంది. అప్పుడు దాని శక్తి పెరిగి, దగ్గరి వస్తువులు అద్దాలు లేకుండానే కనపడతాయి, దూరపువి మసకబారతాయి. డాక్టర్లు దీన్ని రెండో చూపు అంటారట. కొన్నాళ్ళు ఉంటుంది, తర్వాత దగ్గరి చూపు కూడా పోతుంది. అవ్వ బైబిలు చదువుతోందని సంతోషించిన మేము, వీధిలో మనుషులను గుర్తుపడుతోందా అని ఒక్కసారీ అడగలేదు. ఎదురొచ్చి నవ్వితే పలకకుండా పోతోందని, సాక్ష్యం చెప్పినప్పటి నుండి అవ్వకు గర్వం వచ్చిందని ఇద్దరు ముగ్గురు మా దగ్గరే అన్నారు.

అదే ఏడాది అక్టోబరు 10న కంటి వెలుగు పథకం మొదలైంది, అదీ మన అనంతపురంలోనే. ముందు బడి పిల్లలకు, 2020 ఫిబ్రవరి నుండి 60 దాటిన అవ్వాతాతలకు. మన వైపు పరీక్షలకు పిలిచినప్పుడు అవ్వ పోలేదు. "నాకెందుకయ్యా, నాకు దేవుడే చూసినాడు" అంది. మేము పొమ్మనలేదు. పొమ్మంటే ఆమె విశ్వాసాన్ని తక్కువ చేసినట్టు అవుతుందేమో అనిపించింది. తర్వాత కరోనా వచ్చి అన్నీ ఆగిపోయాయి.

మందిరం తిరిగి తెరిచాక, ఒకసారి అవ్వ కీర్తనల పుస్తకం తలక్రిందులుగా పట్టుకొని పాడుతూ ఉండడం పాస్టరమ్మ చూసింది. కీర్తనలన్నీ ఆమెకు నోటికి వచ్చు కదా అనుకొని ఊరుకున్నాం.

2021లో శనక్కాయ పెరికే రోజుల్లో అవ్వకు కుడి కన్ను ఎర్రబడి, ఆ పక్క తలంతా పగిలిపోయే నొప్పి, వాంతులు. పైత్యం అనుకొని ఇంట్లో వాళ్ళు రెండు రోజులు సోడా తాగించి మాత్రలు ఇచ్చారు. మూడో రోజు టౌనుకు తీసుకుపోయాం. శుక్లం ముదిరి కటకం ఉబ్బిపోయిందనీ, కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకొని ఒత్తిడి పెరిగిందనీ, కంటి నరం దెబ్బతిన్నదనీ చెప్పారు. ఆపరేషన్ చేస్తే నొప్పి పోతుంది, ఆ కంటికి చూపు మాత్రం రాదు అన్నారు. అట్లే అయింది.

ఆసుపత్రి బయట చెట్టు కింద కూర్చొని అడిగాం, ఎందుకు చెప్పలేదవ్వా అని.

"అందరి ముందర సాచ్చెం సెప్తిని కదయ్యా. మళ్ళా కనపడలేదని యెట్ల సెప్పేది? దేవునికి అవమానం కాదా?"

మేమేమీ మాట్లాడలేకపోయాం. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఇద్దరికీ నిద్ర పట్టదు.

ఎడమ కంటికి కొన్ని వారాల తర్వాత ఆపరేషన్ అయింది. అరగంట కూడా పట్టలేదు. మసకబారిన కటకాన్ని తీసి, దాని చోట చిన్న ప్లాస్టిక్ కటకం పెట్టారు. మన తాతల కాలంలో ఆపరేషన్ అయితే బతుకంతా సోడాబుడ్డి అద్దాలే గతి. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి కంటి లోపల కటకం అమర్చాడు. యుద్ధ విమానాల అద్దాల ముక్కలు పైలట్ల కండ్లలో దిగినా కన్ను చెడకుండా ఉండడం చూసి, ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. కట్టు విప్పగానే అవ్వ పాస్టరమ్మను చూసి "ఇంత నెరిసిపోయినావేమమ్మా" అంది.

ఒకటి రెండు సంగతులు సూటిగా చెప్పాలి. శుక్లం "పండేదాకా" ఆగాలనే మాట పాత ఆపరేషన్ల నాటిది. ఇప్పుడు పనికి, నడకకు, చదువుకు అడ్డం వచ్చిందంటే చేయించుకోవచ్చు. మరీ ముదరనిస్తే అవ్వ కుడి కన్నే సాక్షి. ఎండాకాలం చేయించుకోకూడదనేదీ అంతే. మన సంగతి మాకు తెలియనిది కాదు. 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల మీద ఒక్క శనక్కాయ పంట. అది ఇంటికి చేరేదాకా పెండ్లీ వాయిదా, ఆపరేషనూ వాయిదా. అయితే ప్రభుత్వ పథకం కింద శుక్లం ఆపరేషన్ ఉచితం. దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుండి ఉంది.

శుక్లాన్ని కరిగించే చుక్కల మందు లేదు, ఆకు పసరు కూడా లేదు. పసరు పోస్తే ఉన్న కన్ను పుండవుతుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వేసుకుంటే శుక్లమూ వస్తుంది, గ్లకోమా కూడా వస్తుంది. బీడీ, అదుపు లేని షుగరు, నడినెత్తిన ఎండ, ఇవన్నీ శుక్లాన్ని ముందుకు లాగేవే. సేనుకు పోయేటప్పుడు టోపీ గానీ గొడుగు గానీ పెట్టుకోండి. ఇంతా చేసినా వయసుతో శుక్లం రావచ్చు. వచ్చినందుకు సిగ్గుపడే పని లేదు. 1996 నుండి 2000 వరకు మన ఉమ్మడి రాష్ట్రంలో 10,293 మందిని పరీక్షించిన అధ్యయనంలో, చూపు పోవడానికి కారణాల్లో శుక్లాల వాటా 44 శాతం.

ఈ రాత్రి ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్కో కన్ను మూసి గోడ మీది క్యాలెండరు చూడమనండి. మంచి కన్ను చెడ్డ కంటిని దాచిపెడుతుంది. దీపం చుట్టూ వలయాలు కనపడుతున్నాయా, ఎదురొచ్చే లారీ లైట్లకు కన్ను చెదురుతోందా, అద్దాలు ఉన్నట్టుండి అక్కరలేకుండా పోయాయా అడగండి.

వచ్చే గురువారం పొద్దున 7 గంటలకు మందిరం దగ్గర ఆటో ఉంటుంది, కంటి పరీక్షకు పోయేవారి కోసం. అవ్వ కూడా వస్తుంది. ఆదివారం తన సాక్ష్యం తానే మళ్ళీ చెబుతానంది. ఈసారి ఏమి చెప్పాలో మేము చెప్పనక్కరలేదంది.