మే ఆరా... జూన్‌ ఐదా?

నిమ్మనపల్లెలోని ఆ ఇంట్లో రెండు క్యాలెండర్లు. ఒకటి వంటింటి గోడకి ఉంటుంది. పాల లెక్క, గ్యాస్‌ బండ వచ్చిన రోజు, టమోటా నారు నాటిన రోజు... అమ్మ అన్నీ దానిమీదే రాస్తుంది. రెండోది కొడుకు ల్యాప్‌టాప్‌లో. 2020 లాక్‌డౌన్‌లో బెంగళూరు నుంచి ఇంటికి వచ్చేశాడతను. అమెరికా కంపెనీల బిల్లులు చూసే ఉద్యోగం.

రోజూ డెబ్భై, ఎనభై మెయిళ్లు. ఏ పని ఏ తేదీకి పంపాలో ఒక్కొక్కటీ చూసి క్యాలెండర్‌లోకి ఎక్కించడానికే గంట పట్టేది. అవుట్‌లుక్‌లో మెయిల్ని లాగి క్యాలెండర్‌ గుర్తు మీద వదిలితే అపాయింట్‌మెంట్‌ తెరుచుకుంటుంది కానీ, తేదీ మనమే కొట్టాలి. అదీ తప్పించుకుందామని ఆల్ట్‌, ఎఫ్‌11 కలిపి నొక్కి వీబీఏ ఎడిటర్‌ తెరిచాడు. నాలుగు రాత్రులు కూర్చుని చిన్న స్క్రిప్ట్‌ రాశాడు. కంప్యూటర్‌కి వరసగా పనులు చెప్పే చీటీ అన్నమాట. మెయిల్‌ రాగానే అందులో గడువు తేదీ వెతుకు, ఆ రోజుకి క్యాలెండర్‌లో పని రాయి... అంతే!

పాత మెయిళ్లతో పరీక్షించాడు. 04/15, 04/22, 04/29. అన్నీ సరైన గడిలోనే కూర్చున్నాయి. ఇంకేం, నిశ్చింత!

2021 మే 6 సాయంత్రం ఫోన్‌. ‘ఈరోజు పంపాల్సిన ఫైలేది?’ క్యాలెండర్‌ చూస్తే ఆ పని జూన్‌ 5న ఉంది! మెయిల్‌లో ఉన్నది 05/06. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు. మన పద్ధతిలో పెట్టుకున్న కంప్యూటర్‌ రోజే ముందనుకుంది. మరి 04/15 సరిగ్గా ఎలా చదివింది? పదిహేనో నెల లేదు కాబట్టి, వీబీఏ తనంతట తనే అటుదిటు చేసి ఏప్రిల్‌ 15 అనుకుంది. పొరపాటని ఒక్క మాటైనా చెప్పకుండా! చిక్కంతా పన్నెండులోపు తేదీలతోనే.

కరోనా రెండో విడత రోజులు. ఉద్యోగం పోతే మళ్లీ దొరికేదెప్పుడో. తెల్లవారుజామున మూడింటికీ అతని గదిలో లైటు వెలుగుతూనే ఉంది.

‘‘ఇంకా పండుకోలేదా నాయనా?’’ అంటూ వచ్చిన అమ్మకి విషయం చెప్పాడు.

‘‘అంకెలు రాస్తే దానికేం తెలుస్తాది? నా క్యాలెండర్లో నెల పేరు పైనే ఉండాది కదా!’’ అందామె.

ఫైలు నాలుగింటికి వెళ్లింది. ఉద్యోగం నిలబడింది. ఏడాది, నెల, రోజు వరసలో రాయాలని 1988లోనే ఐఎస్‌వో అంతర్జాతీయ ప్రమాణం పెట్టింది. మెయిళ్లు రాసేవాళ్లు వింటేగా! అందుకే స్క్రిప్ట్‌ మార్చాడు. నెల పేరు అక్షరాల్లో ఉంటేనే క్యాలెండర్‌లో రాస్తుంది. లేకపోతే ‘తేదీ చూసుకో’ అని విడిగా ఓ పని పెడుతుంది. కొత్త అవుట్‌లుక్‌లో వీబీఏ పనిచేయదు కనుక, పాతదాన్నే పట్టుకుని ఉన్నాడు.

అలా విడిగా పడినవి రోజుకి పదిదాకా ఉంటాయి. పొద్దున కాఫీ తాగుతూ తనే చూసుకుంటాడు. తర్వాత వంటింట్లోకెళ్లి, గ్యాస్‌ ఎప్పుడు బుక్‌ చేయాలో గోడమీద చూసొస్తాడు.