మావారి ఎడమ చెయ్యి

మా ఇంట్లో చపాతీ పిండి కలిపేది మావారు. నవ్వకండి, అదీ ఆయన వైద్యంలో భాగమే.

మాది కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళ కాలనీ. 2023లో ఇల్లు వచ్చిందన్న సంబరం తీరకముందే ఆయనకు కాళ్ళ వాపులు మొదలయ్యాయి. షుగరు ఎప్పట్నుంచో ఉంది. పటాన్‌చెరులో షిఫ్టు డ్యూటీలు, వేళ తప్పిన తిండి. మేమే పట్టించుకోలేదు. కిడ్నీలు రెండూ పాడయ్యాయని చెప్పి, మెడ దగ్గర గొట్టం వేసి డయాలిసిస్ మొదలుపెట్టారు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. ఆ గొట్టం తడవకూడదు. ఒకసారి చీము పట్టి, చలిజ్వరంతో వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. అప్పుడే ఎడమ చేతికి ఫిస్టులా చేయించమన్నారు.

ఆ మాట వినగానే ఎదురింటి అక్క "అది కూసునే కాడ లేస్తది గద!" అంది. పేరు అదే, సంగతి వేరు. మణికట్టు దగ్గర ధమనిని పక్కనున్న సిరకు కలిపి కుడతారు. రక్తం జోరుగా వచ్చిపడి సిర లావై, గోడలు గట్టిపడి, డయాలిసిస్ సూదులకు తట్టుకుంటుంది. 1966లో న్యూయార్కు డాక్టర్లు లోకానికి చెప్పిన పద్ధతట. కుట్టిన మర్నాడే పనికిరాదు. ఆరు వారాలైనా ఆగాలి, కొందరికి నెలలు పడుతుంది. ఆవకాయ ఊరాలి కదా, అలాగన్నమాట.

గాయం మానాక మెత్తటి బంతి పిసకమన్నారు. ఈయనేమో ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డలా కాపాడుకోవడమే! "పోరగాండ్ల ఆట నాకెందుకే, నరం తెగితే?" అనేవారు. టీవీలో ప్రకటన వచ్చినప్పుడల్లా మా అమ్మాయి బంతి చేతిలో పెట్టి లెక్కపెట్టేది. పిండి కలపొచ్చా అని డాక్టరుగారిని నేనే అడిగాను. "కలపనివ్వండి, బంతి మాత్రం మానొద్దు" అన్నారు. సిర సన్నగా ఉంటే ఎంత పిసికినా ఒక్కోసారి ముదరదని, మళ్ళీ ఆపరేషన్ పడొచ్చని కూడా దాచకుండా చెప్పారు.

ఇక నా తప్పు చెప్పాలి. ఆ చేతికి బరువు, గడియారం, బి.పి. పట్టీ ఏవీ కూడదు, రక్తం తీయకూడదు, దానిమీద పడుకోకూడదు. అన్నీ తెలిసి కూడా, సంతలో పరధ్యానంగా కూరల సంచి ఆయనకిచ్చాను. ఆయన ఎడమ మోచేతికి తగిలించుకుని ఇంటిదాకా నడిచారు. రాత్రి చూస్తే చేతిమీద తాడు అచ్చు. కుట్టిన చోట వేలు పెడితే పిల్లి గురకలాంటి అదురు తెలియాలి. అంతంతమాత్రంగా ఉంది. నిద్రపోలేదు నేను. తెల్లారగానే ఆస్పత్రికి పరుగెత్తాం. స్కానింగులో రక్తం పారుతోందన్నారు, చీవాట్లూ పెట్టారు. అదురు ఆగితే ఆ పూటే రావాలట, మర్నాటికి వాయిదా వేయకూడదట. అప్పట్నుంచి పొద్దున పాలు పొయ్యిమీద పెట్టి, ముందు ఆ చెయ్యి పట్టుకుని చూస్తాను.

ఏడో వారంలో ఇంకా చాలదన్నారు. ఆయన ముఖం మాడిపోయింది. బంతి విసిరికొట్టారు కూడా. సాయంత్రానికి తనే మంచం కింద వెతుక్కున్నారు. పదో వారంలో రెండు సూదులూ చేతికే వేశారు. కొన్నాళ్ళకు మెడ గొట్టం తీసేశారు.

ఆ గాయం మానిన ఆదివారం, ఎన్నో నెలల తర్వాత తలస్నానం చేశారు. నేను వంటింట్లో ఉన్నాను. చెంబు తర్వాత చెంబు, నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగదే! ట్యాంకు ఖాళీ అవుతుందని అరుద్దామనుకుని, ఊరుకున్నాను.