డాబాకు పూత

వడియములు పెట్టుటకును, మిరపకాయలు ఎండబోయుటకును, మామిడి ముక్కలు ఆరబెట్టుటకును డాబా యెక్కునది గృహిణి. ఏ మూల పాచి పట్టినదో, ఏ చోట నీరు నిలుచునో, ఎచ్చట నెర్రె విచ్చినదో ఆమెకు తెలిసినట్లు ఇంటిలో మరియొకరికి తెలియదు. అయినను డాబాకు పూత వేయించు మాట వచ్చినప్పుడు ఆమెను సలహా యడుగువారు అరుదు. పురుషులు అంగడికి పోయి డబ్బాలు తెత్తురు. కూలివారు పూసి పోవుదురు. శ్రావణమాసమున కప్పు కారుచోట గిన్నెలు పెట్టు పని మాత్రము ఆమెకు మిగులును. ఈ పద్ధతి మారవలెనని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా దమ్మపేట అడవి యంచున నున్న ఊరు. ఇచ్చట ఎండయు తీవ్రమే, ముసురును తీవ్రమే. పూర్వము తాటాకు ఇండ్లును పెంకుటిండ్లును విరివిగా నుండెడివి. వాని కప్పు ఏటవాలు గనుక పడిన వాన పడినట్లే జారిపోయెడిది. నేటి స్లాబు సమతలము. దానిపై నీరు నిలుచును; నిలిచిన నీరు లోనికి దారి వెదకుకొనును. కాంక్రీటు రాతివలె గట్టిగా తోచినను దానిలో కంటికి కానరాని రంధ్రములు గలవు. వానిగుండ దిగిన తేమ లోపలి యినుప చువ్వలకు తుప్పు పట్టించును. తుప్పు, తాను తినివేసిన యినుముకంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించి, చుట్టునున్న కాంక్రీటును పగులగొట్టును. కప్పు అడుగున పెచ్చు లూడుటకు ముఖ్య కారణ మిదియే.

కాబట్టి ఇది గోడమీది మరకతో పోవు విషయము కాదు. మా యింట నొక శ్రావణమాసమున నడిమింటి కప్పునుండి పళ్ళెమంత పెచ్చు ఊడి, పిల్లవాడు పండుకొను మంచముపై బడినది. ఆ వేళ వాడు బడిలో నుండుటచే ప్రమాదము తప్పినది. ఆ చోట తేమ మచ్చ పెరుగుచున్నదని మేము రెండేండ్లుగా చెప్పుచునే యుంటిమి. "వచ్చే యేడు చూతము" అను మాటయే మాకు బదులుగా వచ్చెడిది.

మన పెద్దలకు ఈ చిక్కు తెలియనిది కాదు. మద్రాసు టెర్రసు అను పాత మిద్దెలలో టేకు దూలములపై సన్నని యిటుకలను నిలువుగా పేర్చి, వానిపై ఇటుక ముక్కలును సున్నమును కలిపి పరచెడివారు. స్త్రీ కూలీలు వరుసగా కూర్చుండి దానిని కొయ్య బద్దలతో దినముల తరబడి కొట్టుచు, బెల్లమును కరక్కాయయు నానిన నీరు చల్లెడివారు. ఆ కరక్కాయ మా భద్రాచలపు అడవులలోను దొరకునదే. ఆ మిద్దె గట్టిదనమున సగము సరుకుది, సగము ఆ చేతుల ఓపికది. నేడు సరుకు డబ్బాలో వచ్చుచున్నను ఓపిక మాత్రము ఇంటివారే చూపవలెను.

పూతలలో భేదములు గలవు. సిమెంటుతో కలిపి పూయు పాలిమరు పూత, పైన పలకలు పరచదలచిన వారికి అనుకూలము. ఆక్రిలిక్ పూత రబ్బరువలె సాగి సన్నని నెర్రెలను కప్పును గాని, దినముల తరబడి నిలిచిన నీటికి అంతగా ఓర్వదు. పాలియురిథేన్ పూత నీటికి మిక్కిలి ఓర్చును, వెలయు నెక్కువే. తెల్లసున్నము చల్లదన మిచ్చును గాని నీటి నాపదు.

ఏది తెచ్చినను లెక్క చూడుడు. రెండు పూతలకు లీటరు 20 చదరపు అడుగులకు వచ్చునని డబ్బాపై నున్నచో, 1000 చదరపు అడుగుల డాబాకు 50 లీటర్లు కావలెను. 20 లీటర్లతో ముగింతు మనువారు వచ్చినచో, మిగిలిన దంతయు నీళ్ళే యని తెలియవలెను.

కృత్తిక కార్తెలోనే, అనగా మే నెల నడుమనే, పని యారంభింపవలెను. పాచి గీకించి, కడిగించి, నాలుగు బిందెల నీళ్ళు పోసి చూడుడు. నీరు తూమువైపు పోక నిలిచినచోట మొదట వాలు సరిచేయింపవలెను. పూత నెర్రెను మూయును గాని పల్లమును మెరక చేయజాలదు. పెద్ద నెర్రెలను కొంచెము వెడల్పు చేయించి పూడ్పించి, కొత్త గార గట్టిపడి పూర్తిగా ఆరువరకు ఆగుడు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత గదా! ఆ యెండ డాబా నారబెట్టుటకు మేలు. మిట్టమధ్యాహ్నము పూయుటకు మాత్రము కీడు. కాలుచున్న స్లాబుపై పూత పైపైన ఆరి, లోని తడి పొక్కులుగా లేచును. పని ఉదయముననే ముగింపవలెను. మబ్బు పట్టినచో డబ్బా మూత తీయనీయరాదు. డబ్బాపై చెప్పినట్లు అడుగుపూత వేసి, అది ఆరిన పిమ్మట మొదటి పూత నిలువుగను, మరునాడు రెండవది అడ్డముగను వేయింపవలెను. పిట్టగోడపైకి జానెడు ఎత్తు పూత పోవలెను. నీరు దిగునది తరచు ఆ మూలనే, తూము చుట్టునే.

పూత గట్టిపడిన వారము దినములకు తూము మూసి, రెండంగుళముల నీరు ఒక పగలు ఒక రాత్రి నిలిపి, క్రింది కప్పును చూడుడు. కూలిలో కొంత ఆ పరీక్ష తరువాతనే యిచ్చుట మంచిది. పిమ్మట వడియములు పూతపై నేరుగా కాక బట్టపైననే పెట్టుడు. ఇనుప మంచములు ఈడ్వనీయకుడు.

ఎండ వేడిమిని త్రిప్పికొట్టు తెల్లని పూత నెన్నుకొన్నచో వేసవి బాధయు కొంత తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను అట్లు చేయింప నుద్దేశించినది. 600 చదరపు గజములకు తక్కువైన నివాస స్థలములకు ఆ విధానమున నిర్బంధము లేదు. అయినను మధ్యాహ్నము వంటయింట నిలుచువారికి అందలి మేలు వేరుగా చెప్పనక్కరలేదు.

సోదరీమణులారా! మృగశిర రాకముందే ఒకమారు డాబా యెక్కి చూడుడు. ఏ చోట తేమ దిగుచున్నదో బొగ్గుతో గీత గీసి, ఇంటివారిని పిలిచి చూపుడు. పూత దినమును మీరే నిర్ణయింపుడు. "వచ్చే యేడు" అను మాటను మాత్రము ఒప్పుకొనకుడు.