కౌంటరు వెనుక నిలబడినవారి అలసట



మన సంఘంలో మెడికల్ షాపుల్లో పనిచేసే పిల్లలున్నారు. ఉదయం షట్టరు ఎత్తినది మొదలు రాత్రి దించేదాకా నిలబడే ఉంటారు. అన్నం ముందు కూర్చోగానే ఎవరో ఒకరు చీటీ పట్టుకొని వస్తారు. ఆదివారం సెలవు దొరకడం లేదని ఒక తమ్ముడు ప్రార్థన కోరాడు. "అయ్యగారూ, రాత్రి తొమ్మిదయ్యేసరికి చీటీ మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడుతున్నాయి. భయమేస్తోంది" అన్నాడు.

ఆ భయం ఊరకే వచ్చింది కాదు. మెట్‌ఫార్మిన్ షుగరు మాత్ర. మెట్రోనిడజోల్ అమీబా విరేచనాల వంటి వాటికి ఇచ్చే మాత్ర. రెండు పేర్లూ ఒకేలా మొదలవుతాయి. అలసిన చెయ్యి ఒకదానికి బదులు మరొకటి తీస్తే, షుగరున్న పెద్దాయన మందు వేసుకుంటున్నాననే అనుకుంటాడు. జబ్బు మాత్రం ముదురుతూ ఉంటుంది.

నిర్గమకాండము 18వ అధ్యాయం చదవండి. ఉదయం నుండి సాయంకాలం వరకు జనం మోషే చుట్టూ నిలబడియున్నారు. మోషే దేవుడు పిలిచిన సేవకుడే. అయినా ఇలాగైతే నీవూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారని మామ యిత్రో హెచ్చరించాడు. వెయ్యిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమించి భారం పంచుకోమన్నాడు. కాబట్టి అలసట అవిశ్వాసం కాదు. పక్కవాని అలసటను చూచి మాట్లాడడం ప్రేమ.

షాపులు నడిపే సహోదరులారా, ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో దేవుడు విశ్రాంతిదినాన్ని దాసునికీ దాసికీ కూడా ఇచ్చాడు. ఐగుప్తులో మీరూ దాసులే అని గుర్తుచేశాడు. పనివారికి కూర్చోను ఒక స్టూలు, స్థిమితంగా తినను అరగంట, వారానికొక సెలవు ఇవ్వండి. చీటీ మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలన్నది చట్టం. ఆ బరువంతా కుర్రవాని మీద వదలకండి.

మందులు కొనే మనం, బస్సు పోతుందని వారిని తరమకుందాం. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, అనుమానమొస్తే "ఒక్క నిమిషం, మళ్లీ చూస్తాను" అనడానికి సిగ్గుపడకండి. ఆ నిమిషం ఒక ప్రాణానికి కాపుదల.

అలసినవారికి ప్రభువు నెమ్మదినిచ్చును గాక. వారి భారం మోయుటకు మనలను యిత్రో వలె వాడుకొనును గాక. ఆమేన్.