ఎద్దులు లేని ఇంటి మట్టెద్దులు

జ్యేష్ఠ పున్నమికి ఏరువాక. ఆ తర్వాత పదిహేను రోజులకు వచ్చే అమావాస్యను మా పడమటి కర్నూలు పల్లెల్లో మట్టెద్దుల అమావాస్య అంటారు. ఆదోని, కోసిగి, కౌతాళం వైపు ఈ పండుగ తెలియని పిల్లవాడు ఉండడు. సరిహద్దుకు అవతల కన్నడంలో దీన్నే మణ్ణెత్తిన అమావాస్య అంటారు. చెరువు మన్ను తెచ్చి, జత ఎద్దులు చేసి, వాటి ముందు గాడి కట్టి, వానలు పడాలని, పంటలు పండాలని పూజ చేస్తారు.

కాడెద్దులున్న రైతుకు ఇది కొట్టంలోని ఎద్దుకు చేసే గౌరవం. మరి ఎద్దులే లేనివాళ్లకు? సెంటు భూమి లేక, సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయి, ఏరువాక నాటికి ఇల్లు చేరే మా వంటి వాళ్లకు? మేమూ చేసేవాళ్లం. అందరికంటే పెద్ద ఎద్దులు చేసేవాళ్లం. వాళ్లు చేసింది ఉన్నదాని బొమ్మ, మేము చేసింది లేనిదాని బొమ్మ. ఊహ అనే మాటకు అర్థం మాకు పాఠ్యపుస్తకం కంటే ముందే ఆ మన్నులో తెలిసింది.

ఎలాగూ లేని ఎద్దే కదా, దానికి కొమ్ములు రెండే ఎందుకుండాలి? ఇలా అనుకునే ఒక ఎండాకాలం సెలవుల్లో ఎద్దుకు రెక్కలు పెట్టాం. సుగ్గికి పోయిన అమ్మానాయనలను ఒక్క రాత్రిలో ఇంటికి మోసుకు రావాలని మా ఆలోచన. జేజి చూసి తిట్టలేదు. “మడక దున్నేదానికి రెక్కలెందుకురా?” అని మాత్రం అడిగింది. ఆ తర్వాత కోడి తల పాము, నాలుగు కాళ్ల చేప, తొండం ఉన్న మేక ఇలా ఎన్నో చేశాం. అన్నీ అరచేతిలో పట్టేంతవే.

ఇవి పిల్లచేష్టలని కొట్టిపారేయకూడదు. ఒంటిమిట్ట కోదండరామాలయం మండపంలో స్తంభాలకు యాళులు ఉన్నాయి. యాళి అంటే సింహం ఒళ్లు, ఏనుగు తొండం కలిసిన జంతువు. అహోబిలంలో కొలువైనది సగం మనిషి, సగం సింహం. 1529 నుంచి 1542 వరకు విజయనగరాన్ని ఏలిన అచ్యుతదేవరాయల నాణేల మీద రెండు తలల గండభేరుండం ఉంది. యాగంటి బసవన్న రాతివాడైనా ఏటేటా పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని మన జనం నమ్మకం. మన సీమ నిండా లేని జంతువులే! అయితే వీటిలో ఏదీ శూన్యంలోంచి ఊడిపడలేదు. సింహం, ఏనుగు, గద్ద, ఎద్దు అన్నీ ఉన్నవే. కలిపిన తీరు మాత్రమే కొత్తది. కాబట్టి వింత జంతువు చేయాలనుకునేవాడు ముందు మామూలు జంతువును బాగా చూడాలి. ఎద్దు మోకాలు ఎటు వంగుతుందో తెలియనివాడు దానికి రెక్కలు పెట్టినా అది ఎగరదు.

విదేశాల్లో ఇది పెద్ద సరదా. బల్ల మీద ఆడే ఆటల కోసం సుమారు 28 మిల్లీమీటర్ల ఎత్తున వీరులను, రాక్షసులను తయారు చేస్తారు. రెండు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడే పుట్టీ వాడతారు. మన దగ్గర నీళ్ల పైపులకు పెట్టే ఎం-సీల్ కూడా ఆ జాతిదే. 1974లో అమెరికాలో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటలోని కొన్ని వింత మృగాలు చవక ప్లాస్టిక్ బొమ్మలను చూసి పుట్టినవే. ఖరీదైన సామాను లేకపోతే ఊహ సాగదనే మాట అక్కడా నిజం కాలేదు.

మన్ను పని నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ల కోసం మా చేతులకు తెలిసిన నాలుగు మాటలు. ఒట్టి రేగడి వాడకండి. అది తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. వేసవిలో మన చేలల్లో నెర్రెలు పడేది అందుకే, బొమ్మ చీలేదీ అందుకే. మూడు పిడికిళ్ల మన్నుకు ఒక పిడికిలి సన్న ఇసుక, కాస్త తుంచిన దూది కలపండి. రాత్రంతా నానబెట్టి, రాళ్లు ఏరి, కడప బండ మీద వేసి చపాతీ పిండిలా పిసకండి. కాళ్లలో, రెక్కల్లో చీపురు పుల్లలు పెడితే నిలబడతాయి. ఒక ముక్కను ఇంకో ముక్కకు అతికించేటప్పుడు రెండు వైపులా గీతలు గీసి, పలచని బురద పూయండి. కళ్లకు జొన్న గింజలు, పొలుసులు గీయడానికి తుమ్మ ముల్లు చాలు. నీడలోనే ఆరబెట్టండి. కాల్చాలనుకుంటే పుల్లలు, గింజలు వాడకుండా లోపల బోలుగా చేసి, పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిలితే ఆవిరికి పగిలిపోతుంది. సుమారు 600 డిగ్రీల వేడి దాటితే ఆ మన్ను మళ్లీ నీళ్లలో కరగదు. ఆ వేడిని ఆవం పేర్చే కుమ్మరి పెద్దలు మంట రంగు చూసే చెప్పగలరు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవడం మంచి చదువే.

మేము చదువుకునే రోజుల్లో ఒక ప్రదర్శనకు మా రెక్కల ఎద్దును తీసుకుపోయాం. థర్మోకోల్ డ్యాములు, రాకెట్ల మధ్య దాన్ని పెట్టాం. చూడవచ్చిన ఒక పెద్దాయన “ఇలాంటి జంతువు ఎక్కడా లేదు కదా!” అని పక్కకు పెట్టించాడు. లేదు సార్, లేదు కాబట్టే చేశాం. మా ఇళ్లలో డిగ్రీ చదివినవాడు కూడా అంతకుముందు ఎక్కడా లేడు. ఉన్నవాటినే చూసి నడవాలంటే మేము ఈ హాస్టల్ గేటు కూడా దాటి ఉండేవాళ్లం కాదు.

ఇప్పుడు ఊళ్లలో ట్రాక్టర్లు వచ్చి కాడెద్దులు తగ్గిపోయాయి. భూములున్న ఇళ్లలోనూ కొట్టాలు ఖాళీ అవుతున్నాయి. అయినా అమావాస్య నాడు మట్టెద్దులు చేస్తూనే ఉన్నారు. కొందరు సంతలో అచ్చు పోసినవి కొంటున్నారు. అచ్చులో అన్ని ఎద్దులూ ఒకటే. చేత్తో చేసిన ఎద్దుకు మాత్రం చేసినవాడి వేలిముద్ర ఉంటుంది.

తమ్ముళ్లారా! ఈ వేసవి సెలవుల్లో ఒక్కొక్కరూ ఒక బొమ్మ చేసి తీసుకురండి. ఎద్దే కానక్కరలేదు, దానికి పేరు కూడా ఉండనక్కరలేదు. వచ్చే వార్షికోత్సవంలో వాటి కోసం ఒక బల్ల వేయించమని వార్డెన్ గారిని మేమే అడుగుతాం. “ఇదేం జంతువు?” అని ఎవరైనా అడిగితే సిగ్గుపడకుండా, అది ఏం తింటుందో, ఎక్కడ ఉంటుందో, ఎవరిని మోస్తుందో చెప్పండి.