అనుమానమే వృత్తిగా

నా యుద్యోగమేమని యడిగినవారికి "కంప్యూటరు లెక్కల తనిఖీ" యని చెప్పుదును. వెంటనే "అనగా దొంగలను పట్టుటయా?" యని రెండవ ప్రశ్న వచ్చును.

మా పుట్టినిల్లు ఆళ్లగడ్డ. శ్రీశైల మల్లికార్జునుడు మా యిలవేలుపు. నేడు నంద్యాల జిల్లాలోనున్న ఆ క్షేత్రము 2020లో కర్నూలు జిల్లాలోనుండెను. ఆ యేట దేవస్థానపు టిక్కెట్ల కౌంటర్లలో రెండు కోట్ల రూపాయలకు పైబడిన సొమ్ము అపహరింపబడినట్లు బయల్పడి, ఇరువదిమందికి పైగా అరెస్టయిరి. కంప్యూటరు ఏర్పాటులోని లొసుగులే వారికి దారియైనవని పత్రికలలో వచ్చినది. "స్వామి సొమ్ము తినుటకు మనసెట్లొప్పినదే తల్లీ?" యని మా యమ్మ రెండు దినములు సరిగా అన్నము తినలేదు. నాకు మాత్రము మనసు సంగతి కాదు, దారి సంగతి కావలెను.

యంత్రము లెక్క తప్పదందురు. నిజమే, అది చెప్పినట్లు చేయును. చెప్పువారెవరన్నదే మా పని. టిక్కెట్టు నిచ్చినవాడే దానిని రద్దుచేయగలిగినచో, ఆ సొమ్మేమైనదో వానికి దక్క నెవరికి తెలియును? ఉద్యోగము మానిపోయినవాని పాస్‌వర్డు ఇంకను చెల్లుచున్నదా? ప్రోగ్రాము వ్రాసినవాడే, ఎవరి యనుమతియు లేక, దానిని మార్చగలడా? ఇట్టివే మా ప్రశ్నలు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజుగారు తమ లెక్కలు కల్పితములని తామే లేఖ వ్రాయువరకు, లేని బ్యాంకు నిలువలు ఏండ్ల తరబడి కాగితముపై చెల్లుబడియైనవి గదా!

ఒక సంస్థలో—పేరు చెప్పరాదు—నగదు తక్కువ వచ్చి, ఇరువది రెండేండ్ల పిల్లపై నేరము మోపిరి. పద్దులన్నియు ఆమె పేరనే యున్నవి. నేను కంప్యూటరు చిట్టా తీయించి చూడగా, ఆ పద్దులు పడిన వేళకు ఆ పిల్ల యింటికి పోయి రెండు గంటలైనది. ఆమె పాస్‌వర్డును నలుగురు వాడుచుండిరి! ఆమె యుద్యోగము నిలిచినది. ఈ సంగతి విన్న పిమ్మట మా యమ్మ నా పనిని గూర్చి "పాడు అనుమానపు కూడు" అనుట మానినది.

ఈ వృత్తికి 'సీసా' యను పరీక్ష కలదు. "ఆముదపు సీసాయా, నేతి సీసాయా?" యని మా యత్తగారు నవ్వెడివారు. నాలుగు గంటలలో 150 ప్రశ్నలు! అందు గెలిచినను చాలదు, అనుభవమును చూపవలెను. సంవత్సరాంతపు లెక్కల దినములలో పిల్లలు నిద్రించిన పిమ్మటనే నేనిల్లు చేరుదును. కార్యాలయములో నేనడుగిడిన గదిలో మాటలాగిపోవును. దీనికి మాత్రము నేనింకను అలవాటుపడలేదు.

నంద్యాలలో బి.కాం. చదువుచున్న మా పిన్ని కూతురు, తానీ పనికి రావచ్చునా యని జాబు వ్రాసినది. రమ్మని వ్రాసితిని. అంతకుముందు తన కళాశాలలో ఫీజు రసీదు వ్రాయువారెవరో, దానిని కొట్టివేయువారెవరో కనుగొని వ్రాయుమంటిని.